మిలిటరీ నుంచి వచ్చినవారి కడుపులో అమీబా మిగిలిందా? కనిపెట్టడం, వదిలించుకోవడం ఎలా

విరేచనాలు కట్టుకున్నాయి, అన్నం సహిస్తోంది, మనిషి కాస్త ఒళ్ళు కూడా చేశాడు. ఇక ఫరవాలేదని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నేను చెప్పదలచిన సంగతి సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. అమీబా వల్ల వచ్చే జిగట విరేచనాల్లో విరేచనాలు ఆగడం వేరు, అమీబా పోవడం వేరు. మొదటిది వారం రోజుల్లో జరిగిపోతుంది. పేగు లోపలి అమీబాను చంపే రెండో మందు పడకపోతే రెండోది నెలలు గడిచినా జరగకపోవచ్చు. ఈలోగా ఆ మనిషికి ఏ బాధా ఉండదు, కానీ మలంలో రోజూ లక్షల కొద్దీ సిస్టులు, అంటే గట్టి పొర కట్టుకున్న అమీబాలు, బయటికి పోతూనే ఉంటాయి.

నేను సైనిక వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి, రిటైరయ్యాక గిద్దలూరు దగ్గరి మా ఊరికి వచ్చేశాను. గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో పట్టాళానికి పోయినవారు లేని వీధి అరుదు. సెలవుకు వచ్చినవారు, రిటైరైనవారు, ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో కాంగోకో దక్షిణ సూడాన్‌కో వెళ్ళి వచ్చినవారు మా ఇంటికి వస్తుంటారు. మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతారు, పింఛను కాగితాల గురించి అడుగుతారు. కడుపు సంగతి మాత్రం చివరిదాకా రాదు. లేచి, చెప్పులు వేసుకుంటూ, గుమ్మం దగ్గర గొంతు తగ్గించి "అన్నా, అప్పుడప్పుడూ కొంచెం జిగట పడుతోంది" అంటారు. అసలు వచ్చింది ఆ మాట కోసమే.

మందు రాయాల్సింది డాక్టరే, అందులో సందేహం లేదు. ఆయన దగ్గరికి ఏమి పట్టుకుపోవాలి, ఏమి అడగాలి, ఇంట్లో ఏమి మార్చుకోవాలి అన్నవే నేను చెప్పగలిగినవి.

ఇది ఎవరికి అవసరం

గత రెండేళ్ళలో విదేశీ విధుల నుంచి వచ్చి, అక్కడ ఉండగా ఒక్కసారైనా రక్తంతోనో జిగటతోనో విరేచనాలు అయినవారికి తప్పకుండా అవసరం. విరేచనాలు కాకపోయినా, పక్క మంచం వారికి అయి ఉంటే, ఒకే వంటశాలలో తిని ఒకే ట్యాంకరు నీళ్ళు తాగి ఉంటే పరీక్ష చేయించుకోవడం మంచిది. దేశం దాటకుండా ఇక్కడే రకరకాల చోట్ల పనిచేసినవారికీ ఇదే మాట వర్తిస్తుంది. అమీబా మన దేశంలోనూ కావలసినంత ఉంది.

ముప్పై ఏళ్ళ కిందట రిటైరైన పెద్దాయనకు ఇప్పుడు విరేచనాలైతే అప్పటి అమీబానే అని అనుకోనక్కర లేదు. ఏ బాధా లేకుండా దీన్ని మోసేవారిలో చాలామందికి ఏడాది లోపల దానంతటదే పోతుంది. అయితే మోస్తున్న ప్రతి 100 మందిలో 4 నుంచి 10 మందికి ఆ ఏడాదిలోనే రోగం బయటపడుతుంది. కొందరిలో అది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. మనం ఏ కోవలో ఉన్నామో ముందుగా తెలిసే దారి లేదు కాబట్టే పరీక్ష.

సిపాయిల సంగతి ఎందుకు ప్రత్యేకం

ఈ అమీబాను మొదట రోగి మలంలో చూసి వర్ణించినవాడు లోష్ అనే రష్యన్ వైద్యుడు, 1875లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. ఎంటమీబా హిస్టోలిటికా అనే పేరు 1903లో షౌడిన్ పెట్టాడు. హిస్టోలిటికా అంటే కణజాలాన్ని కరిగించేది. 1913లో మనీలాలో వాకర్, సెలార్డ్స్ అనే ఇద్దరు ఒక జైల్లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 20 మందికి ఈ సిస్టులు తినిపించి చూశారు. 18 మందికి అమీబా పట్టింది. జిగట విరేచనాలు మాత్రం నలుగురికే వచ్చాయి. మిగతా 14 మంది హాయిగా తిరిగారు, కడుపులో అమీబాతోనే. రోగవాహకుడు అంటే ఎవరో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం. ఖైదీల మీద ఇలాంటి ప్రయోగం ఈ రోజుల్లో ఎవరూ చేయనివ్వరు, చేయకూడదు కూడా.

ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో టర్కీలోని గల్లిపోలీలో, ఈజిప్టులో, ఇప్పటి ఇరాక్ అయిన మెసొపొటేమియాలో సైన్యాలు జిగట విరేచనాలతో కుప్పకూలాయి. మెసొపొటేమియాలో మన భారతీయ సిపాయిలూ ఆ బాధ పడ్డారు. ఓడలెక్కి ఇంగ్లండు ఆసుపత్రులకు చేరిన బ్రిటిష్ సైనికుల్లో చాలామందికి విరేచనాలు తగ్గిపోయాయి, సిస్టులు మాత్రం పోలేదు. క్లిఫర్డ్ డోబెల్ అనే శాస్త్రవేత్త వారి మలాన్ని సూక్ష్మదర్శిని కింద పదే పదే చూసి, ఒక్కసారి చూసి కనపడలేదంటే లేనట్టు కాదని తేల్చాడు. నూరేళ్ళు దాటినా ఆ మాటకు తిరుగు లేదు.

మందు సంగతి ఇంకా ఆసక్తికరం. 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఎమిటీన్ సూదిమందు మొదలుపెట్టాడు. మంచం పట్టిన రోగి రెండు మూడు రోజుల్లో లేచి కూర్చునేవాడు. కానీ అది పేగు గోడలో దూరిన అమీబానే చంపింది, పేగు లోపల తిరిగేదాన్ని వదిలేసింది. అందుకే ఎమిటీన్‌ను బిస్మత్ అయొడైడ్‌తో కలిపి, వాహకులకు నోటి ద్వారా ఇవ్వడం మొదలుపెట్టారు. తిన్నవారికి వాంతులే వాంతులు. ఇప్పుడు మనం వాడే మెట్రోనిడజోల్‌దీ అదే గుణం, అదే లోపం. రోగిని లేపి కూర్చోబెడుతుంది, కానీ దాని ఒక్కదాంతోనే సరిపెట్టుకున్నవారిలో 100కు 40 నుంచి 60 మంది పేగుల్లో అమీబా మిగిలిపోతుంది. ఈ లెక్క గుర్తుంచుకుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదటి పని: పాత కాగితాలు బయటికి తీయండి

ట్రంకు పెట్టెలో అడుగున ఎక్కడో ఉంటాయి. విదేశంలో ఆసుపత్రిలో చేరి ఉంటే డిశ్చార్జి కాగితం, లేకపోతే యూనిట్ వైద్య గదిలో రాసిచ్చిన చీటీ. అందులో రెండే చూడండి. ఒకటి, మెట్రోనిడజోల్ గానీ టినిడజోల్ గానీ ఎన్ని రోజులు ఇచ్చారు. రెండు, దాని తర్వాత డైలాక్సనైడ్ ఫ్యూరోయేట్ గానీ పారోమోమైసిన్ గానీ ఇచ్చారా. రెండోది కనపడకపోతే మీ పని సగంలోనే ఆగిందని అర్థం.

కాగితాలు దొరక్కపోతే తెల్లకాగితం మీద మీరే రాసుకోండి: ఏ దేశం, ఏ నెల నుంచి ఏ నెల దాకా, విరేచనాలు ఎప్పుడు, రక్తం పడిందా, ఎన్ని రోజుల్లో తగ్గింది, తిరిగి వచ్చాక ఎన్నిసార్లు కడుపు చెడింది. డాక్టరు గదిలో ఇవి గుర్తుకు రావు. బయట కుర్చీలో మరో నలభై మంది ఉంటారు, మీకు దక్కేది ఐదు నిమిషాలు.

రిటైరైనవారైతే ఇ.సి.హెచ్.ఎస్. (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు పట్టుకుని మీకు దగ్గరి పాలీక్లినిక్‌కు వెళ్ళండి. ఇంకా ఉద్యోగంలో ఉండి సెలవు మీద వచ్చినవారికి ఒక భయం ఉంటుంది, మెడికల్ కేటగిరీ, అంటే విధులకు పనికొచ్చే ఆరోగ్య స్థాయి, తగ్గిస్తారేమోనని. ఆ భయంతో విరేచనాలు దాచిపెట్టి, మందుల దుకాణంలో రెండు మాత్రలు కొని మింగి, సెలవు ముగించుకుని పోయినవారిని ఎందరినో చూశాను. ఇది రెండు మూడు వారాల మందుతో పూర్తిగా పోయే రోగం. ముదరబెట్టి కాలేయం మీదికి తెచ్చుకున్నాక పోయే సెలవులతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు.

రెండో పని: మలం నమూనా సరిగ్గా ఇవ్వండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సిగ్గుపడి తొందరగా ముగించేస్తారు.

నమూనా ఒకటి కాదు, మూడు కావాలి. వరసగా మూడు రోజులు కాదు, రోజు విడిచి రోజు, పది రోజుల్లోపు. సిస్టులు రోజూ ఒకేలా పడవు. ఒక రోజు వేలకు వేలు, మర్నాడు ఒక్కటీ లేదు. ఒక్క నమూనాతో సగం కేసులైనా దొరకవు. మూడిటితో చాలావరకు దొరుకుతాయి.

పరీక్షకు ముందు ఆముదం తాగకండి. మన పెద్దలకు కడుపులో ఏ తేడా వచ్చినా ముందు గుర్తొచ్చేది ఆముదమే. నూనె బొట్లు సూక్ష్మదర్శిని కింద గుండ్రంగా మెరుస్తూ, చూసేవాడి కళ్ళను మోసం చేస్తాయి. కడుపు మంటకు తాగే తెల్లమందు కూడా వద్దు. ఏ యాంటీబయాటిక్ అయినా వాడి ఉంటే, ఒంట్లో తీవ్రత లేకపోతే, రెండు వారాలు ఆగి ఇవ్వండి. తీవ్రత ఉంటే ఆగకండి, వాడిన మందు పేరు ల్యాబులో చెప్పండి.

మందుల దుకాణంలో వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది, లోపల చిన్న చెంచా కూడా ఉంటుంది. ఒకప్పుడు ఆసుపత్రులకు అగ్గిపెట్టెల్లో తెచ్చేవారు. ఇప్పుడు ఆ అవస్థ లేదు. కమోడ్ నీళ్ళలో పడినదాన్ని తీయకండి. నీళ్ళూ మూత్రమూ తగిలితే కదిలే అమీబా పగిలిపోతుంది. దొడ్లో ఒక పాత పేపరు పరిచి దాని మీద పోవాలి. జిగట, రక్తం ఉన్న భాగాన్నే వేరుశనగ గింజ పరిమాణంలో రెండు మూడు చెంచాలు తీయండి. మూత బిగించి, పేరు, తేదీ, నమూనా తీసిన సమయం రాయండి. మరో నాలుగు గింజలు ఎక్కువ పెట్టారని ఎవరూ మెచ్చుకోరు.

సమయమే అసలు కిటుకు. మలం గట్టిగా ఉంటే అందులో వెతికేది సిస్టుల్ని. సిస్టు అంటే అమీబా తన చుట్టూ గట్టి పొర కట్టుకున్న రూపం. చెట్టు ఎండిపోయినా గింజ బతికినట్టు అది బతుకుతుంది. కొన్ని గంటలు ఆలస్యమైనా కంగారు లేదు. మలం పలచగా, రక్తంతో ఉంటే అందులో వెతికేది కదిలే అమీబాని. బయటికొచ్చాక అది ఎక్కువసేపు బతకదు, అరగంటలోపు చూడాలి. తెల్లవారి ఆరింటికి డబ్బాలో పట్టుకుని గిద్దలూరులో బస్సెక్కి, పది దాటాక ఒంగోలులో దిగి ఇస్తే ఏమి కనబడుతుంది? "అమీబా లేదు" అని రాసిస్తారు, అది అబద్ధమూ కాదు. చచ్చి కరిగిపోయింది మరి. ఇలాంటప్పుడు ల్యాబు ఉన్నచోటికే వెళ్ళి, ఒక గ్లాసు వేడి కాఫీ తాగి, అక్కడి దొడ్డినే వాడుకోవడం ఉత్తమం. నవ్వులాట కాదు, నేను చాలామందికి చెప్పి చేయించినదే ఇది.

చీటీ మీద "మల పరీక్ష" అని మాత్రమే ఉంటే సరిపోదు. "సిస్టుల కోసం, గాఢత పెంచే పద్ధతితో చూడండి" అని రాయించుకోండి.

మూడో పని: రిపోర్టు చదవడం

రిపోర్టులో కనబడే మాటల్లో మూడు మనల్ని తికమక పెడతాయి.

ఎంటమీబా హిస్టోలిటికా అని ఉంటే వెంటనే గుండె జారవిడుచుకోకండి. అచ్చం దానిలాగే ఉండే మరో అమీబా ఉంది, పేరు డిస్పార్. అది ఎవరికీ హాని చేయదు. రెండు రకాలున్నాయేమోనని బ్రంప్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1925లోనే అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1993లో గానీ రెండూ వేర్వేరని స్థిరపడలేదు. సూక్ష్మదర్శినితో చూసి వీటి సిస్టుల్ని విడదీయడం ఎంతటివారికీ సాధ్యం కాదు. లోకంలో బాధ లేకుండా సిస్టులు మోసేవారిలో ఎక్కువమంది మోస్తున్నది డిస్పార్‌నే. మొదటి యుద్ధంనాటి వాహకుల్లో ఎందరిది ఆ నిరపాయమైన అమీబానో! వాంతులతో మందు మింగినవారిలో కొందరు ఊరికే మింగి ఉంటారు. కదిలే అమీబా కడుపులో ఎర్ర రక్తకణాలు కనబడ్డాయని రాస్తే మాత్రం అది దాదాపుగా హిస్టోలిటికాయే. తేల్చుకోవడానికి మలంలో యాంటిజెన్ పరీక్ష, పి.సి.ఆర్. పరీక్ష ఉన్నాయి. ఒంగోలు, నెల్లూరు వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మైక్రోబయాలజీ విభాగాన్ని ముందు అడగండి. అక్కడ కాకపోతే నెల్లూరు వారికి చెన్నై ఎలాగూ దగ్గరే.

రెండోది, ఇ. కోలి. ఈ రెండక్షరాల పేరు పెట్టుకున్నవారు ఇద్దరున్నారు. ఒకటి ఎషరీకియా కోలి అనే బాక్టీరియా. రెండోది ఎంటమీబా కోలి అనే నిరపాయమైన అమీబా. దాని ముదిరిన సిస్టులో ఎనిమిది కేంద్రకాలుంటాయి, హిస్టోలిటికా సిస్టులో నాలుగే. మల పరీక్ష రిపోర్టులో "ఇ. కోలి సిస్టులు" అని ఉంటే అది ఈ రెండోదే. బాక్టీరియాకు సిస్టులు ఉండవు. దానికి మందు అక్కర్లేదు.

మూడోది "చీము కణాలు". వీటినే అమీబాలుగా పొరబడి రాయడం చిన్న ల్యాబుల్లో జరుగుతుంటుంది. విరేచనాలు అయిన ప్రతివాడికీ "అమీబియాసిస్" అని రాసిచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నిజంగా ఉన్నవాడికి దొరక్కపోవడం, లేనివాడికి అంటగట్టడం, రెండూ ఒకే వీధిలో జరుగుతాయి.

రక్త పరీక్షలో ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉన్నాయని వస్తే అది ఎప్పుడో సోకిన గుర్తు కూడా కావచ్చు, ఏళ్ళ తరబడి ఉంటుంది. కాలేయంలో గడ్డ అనుమానం ఉన్నప్పుడే ఆ పరీక్షకు విలువ ఎక్కువ.

నాలుగో పని: రెండు మందులు, రెండు విడతలు

డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క మీ మనసులో ఉంటే చాలు.

విరేచనాలు, రక్తం ఉన్నవారికి మొదటి విడత పేగు గోడలోని అమీబాకు. మెట్రోనిడజోల్ పెద్దవారికి 500 నుంచి 750 మిల్లీగ్రాములు రోజుకు 3 సార్లు, 7 నుంచి 10 రోజులు అన్నది వాడుకలో ఉన్న మోతాదు. మన దుకాణాల్లో 200, 400 మిల్లీగ్రాముల మాత్రలు దొరుకుతాయి కాబట్టి ఆ లెక్కకు దగ్గరగా రాస్తారు. దీనికి బదులు టినిడజోల్ 2 గ్రాములు రోజుకోసారి 3 రోజులు కూడా ఇస్తారు. రెండో విడత పేగు లోపల తిరిగే అమీబాకు. డైలాక్సనైడ్ ఫ్యూరోయేట్ 500 మిల్లీగ్రాములు రోజుకు 3 సార్లు 10 రోజులు, లేదా పారోమోమైసిన్ రోజుకు కిలో బరువుకు 25 నుంచి 35 మిల్లీగ్రాముల చొప్పున, మూడు భాగాలు చేసి 7 రోజులు. రెండు మందులూ కలిపిన మాత్రలు కూడా మన దగ్గర అమ్ముతారు. అలాంటివైతే ఏ మందు ఎన్ని రోజులు పడుతోందో అట్ట మీద చదివి డాక్టరును అడగండి.

ఏ బాధా లేదు, కానీ మలంలో హిస్టోలిటికా ఉందని తేలింది అనుకోండి. అలాంటివారికి రెండో విడత ఒక్కటే చాలు. డిస్పార్ అని తేలితే ఏదీ అక్కర్లేదు. గర్భిణులకూ పిల్లలకూ ఈ లెక్కలు వాడకండి, అవి పూర్తిగా డాక్టరు పని.

మెట్రోనిడజోల్ వేసుకున్నన్ని రోజులూ నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది, మూత్రం ముదురు రంగులో రావచ్చు. భయపడి ఆపకండి. ఆ రోజుల్లోనూ, ముగిశాక మూడు రోజులపాటూ మద్యం ముట్టకూడదు. క్యాంటీన్ సీసా అల్మారాలో ఉండిపోతే అదేమీ పాడయ్యేది కాదు.

రక్తం పడుతుంటే విరేచనాలు కట్టేసే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. దీర్ఘకాలం జిగట పడుతున్నవారికి పెద్దపేగు పుండ్ల వ్యాధి అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడతారు ఒక్కోసారి. అసలు కారణం అమీబా అయితే స్టెరాయిడ్లతో పేగు చిల్లులు పడేదాకా పోవచ్చు. అలాంటి మందు రాస్తుంటే "నేను ఫలానా దేశంలో పనిచేసి వచ్చాను, అమీబా లేదని తేల్చారా" అని నోరు తెరిచి అడగండి. ఏ డాక్టరూ కోప్పడడు. కోప్పడితే మరొకరిని చూడండి.

నా సంగతీ చెప్పాలి. ఒకప్పుడు నాకే ఈ రోగం వస్తే ఏడు రోజులు మెట్రోనిడజోల్ మింగి, తగ్గిందని రెండో మందు సంగతే మరచిపోయాను. వార్డులో పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి. నాలుగు నెలల తర్వాత ఇంట్లో ఆవిడకు రక్త విరేచనాలయ్యాయి. పరీక్ష చేయిస్తే ఇద్దరికీ ఉంది. నా నుంచే వెళ్ళిందని రుజువేమీ లేదు, ఆ ఎండాకాలం ఊళ్ళో పైపు పగిలి మురుగు కలిసిన మాట కూడా నిజమే. ఆవిడ మాత్రం ఇప్పటికీ పైపును నమ్మదు.

ఐదో పని: ఇంట్లో మార్చుకోవాల్సినవి

ముందుగా అనవసరమైనవి చెప్పేస్తాను. విడి కంచం, విడి గ్లాసు, విడి మంచం అక్కర్లేదు. దగ్గినా పక్కన కూర్చున్నా ఇది అంటుకోదు. కొడుకు సూడాన్ నుంచి రోగం తెచ్చాడని వాకిట్లోనే వేరే చెంబు పెట్టిన ఇల్లు నేను చూశాను. ఆ చెంబు వల్ల ఒరిగిందేమీ లేదు, వాడి మనసు విరిగింది తప్ప. రోగం పోయేదారి ఒకటే, మలం నుంచి చెయ్యి, చెయ్యి నుంచి నోరు. చూడాల్సింది ఆ దారినే.

దొడ్లోని మగ్గు పిడి పట్టుకుని చూడండి. ఎడమ చేత్తో కడుక్కుంటాం, మళ్ళీ అదే చేత్తో పిడి పట్టుకుని నీళ్ళు పోసుకుంటాం, కుళాయి తిప్పుతాం, గడియ తీస్తాం. తర్వాత వచ్చినవారు కుడి చేత్తో అదే పిడి, అదే కుళాయి, అదే గడియ పట్టుకుంటారు. సిస్టు తేమలో వారాల తరబడి బతుకుతుంది, ఎండితే చస్తుంది. కాబట్టి దొడ్లోపలే సబ్బు పెట్టండి, బయట పెరట్లో కాదు. కడుక్కున్నాక మొదట చెయ్యి, తర్వాత కుళాయి, మగ్గు పిడి. వేళ్ళ సందులూ గోళ్ళ కిందా రుద్దండి. సబ్బు సిస్టును చంపదు, రుద్దుడుకు జారి పోతుంది. గోళ్ళు మొదలంటా కత్తిరించండి. మగ్గును రోజుకొకసారి ఎండలో బోర్లించండి.

పరీక్షలో పోయిందని తేలేదాకా ఆ మనిషి ఇతరులకు వండకూడదు. ముఖ్యంగా పొయ్యి ఎక్కనివి ముట్టకూడదు. మిలిటరీ నుంచి వచ్చినవారికి ఒక సరదా ఉంటుంది, పదిమందిని పిలిచి తామే మాంసం వండి పెట్టాలని. ఉడికే మాంసంతో చిక్కు లేదు. పక్కన కోసే ఉల్లిపాయ ముక్కలు, కలిపే పెరుగుపచ్చడి, పిండే నిమ్మకాయ, వేసవిలో ఒలిచే తాటిముంజలు, వీటితోనే ప్రమాదం. ఆ విందును నెలా పదిహేను రోజులు వాయిదా వేయండి.

నీళ్ళ సంగతి. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఫ్లోరైడు భయంతో చాలామంది ప్లాంటు నీళ్ళ క్యాన్లకు అలవాటుపడ్డారు. ఆ ప్లాంటు పొర సరిగ్గా పనిచేస్తే సిస్టు దాన్ని దాటలేదు, దాని పరిమాణం 10 మైక్రాన్లకు పైనే. చిక్కంతా క్యాను ఇంటికొచ్చాకే. బిందెలోకి వంపుతారు, మూత పెడతారు, పిల్లవాడు వచ్చి గ్లాసును నాలుగు వేళ్ళతో పట్టుకుని కణుపులదాకా ముంచుతాడు. అంత ఖర్చు పెట్టి కొన్న నీళ్ళు అక్కడితో సరి. పొడుగు పిడి ఉన్న గరిటె వేలాడదీయండి, లేదా కుళాయి ఉన్న డబ్బా కొనండి. మామూలు కుళాయి నీళ్ళైతే కళపెళ మరిగాక ఒక నిమిషం ఉంచి దించితే చాలు. క్లోరిన్ బిళ్ళల్ని నమ్ముకోకండి. మామూలు మోతాదుకు సిస్టు లొంగదు.

మరుగుదొడ్డి గుంత బోరుకు దగ్గరగా ఉందా, తాగునీటి పైపు మురుగు కాలువలో నుంచి పోతోందా చూడండి. 1933లో అమెరికాలో చికాగో ప్రదర్శనకు వెళ్ళినవారిలో దాదాపు 1,400 మందికి ఈ రోగం సోకి 98 మంది పోయారు. అక్కడి హోటళ్ళ పైపుల్లో మురుగు, తాగునీరు కలవడమే కారణం. అంత పెద్ద నగరంలో, క్లోరిన్ కలిపిన నీళ్ళలో.

ఈగలు కూడా సిస్టుల్ని మోస్తాయి. ఈజిప్టులో సైన్యంతో ఉన్న వెన్యన్, ఒకానర్ ఈగల విసర్జితంలోనే వాటిని చూశారు. వండినవాటి మీద మూత, దొడ్డికి తలుపు ఉంటే చాలు.

ఇంట్లో మిగతావారికి కూడా ఒకసారి మల పరీక్ష చేయించండి, బాధ లేకపోయినా.

ఆలస్యం చేయకూడని లక్షణం

మనిషికి విరేచనాలు లేవు. చలి జ్వరం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, గట్టిగా ఊపిరి పీలిస్తే, నాలుగు అడుగులు కుదుపుగా వేస్తే పెరుగుతుంది. కుడి భుజం కూడా లాగుతున్నట్టు ఉంటుంది. బరువెత్తినప్పుడు పట్టేసిందని జండూబామ్ రాస్తారు, మలేరియా అని మందు మింగుతారు. ఇది కాలేయంలో అమీబా గడ్డ కావచ్చు. ఎక్కువమందిలో తిరిగి వచ్చిన ఐదు నెలల్లోపే బయటపడుతుంది. ఏళ్ళ తర్వాత వచ్చినవారూ ఉన్నారు. ఆడవారికంటే వయసులో ఉన్న మగవారికి దాదాపు పదింతలు ఎక్కువ. మద్యం, కల్లు తాగేవారిలో ఇంకా ఎక్కువగా చూస్తుంటాం. చాలామందికి జిగట విరేచనాలు అయిన జ్ఞాపకం కూడా ఉండదు, మల పరీక్షలో ఏమీ దొరకదు. కాబట్టి మల పరీక్ష బాగుందని ఊరుకోకండి.

అదే రోజు అల్ట్రాసౌండ్ తీసే ఆసుపత్రికి వెళ్ళండి. రాత్రయితే 108కి ఫోను చేయండి. డాక్టరుకు మొదటి వాక్యమే ఇలా చెప్పండి: "ఫలానా నెలదాకా ఫలానా దేశంలో ఉన్నాను." చాలామందికి మందుతోనే మూడు నాలుగు రోజుల్లో జ్వరం దిగుతుంది. చీము తీయాల్సి వస్తే అది ముదురు గోధుమరంగులో ఉంటుంది. గడ్డ తగ్గాక కూడా ఆ రెండో విడత మందు తప్పదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే సంబరంలో ఎక్కువమంది వదిలేసేది దాన్నే.

చివరి పరీక్ష

మందు ముగిసిన రెండు నుంచి నాలుగు వారాలకు మళ్ళీ నమూనాలు ఇవ్వండి, మళ్ళీ మూడు, రోజు విడిచి రోజు. మూడిటిలోనూ లేదని వస్తే ఆ రిపోర్టులు, రెండు మందుల పేర్లు, వేసుకున్న తేదీలు కలిపి ఒక కవరులో పెట్టి, ట్రంకు మూత లోపలివైపు అంటించండి. పెట్టె తెరిచినప్పుడల్లా కళ్ళకు కనబడాలి. రెండేళ్ళ తర్వాత ఎప్పుడో కుడి పక్క నొప్పి వస్తే, మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఇంట్లోవారు వెతుక్కోకుండా తీసి డాక్టరు చేతిలో పెట్టగలగాలి. విందుకు పిలుపులు ఆ తర్వాత మొదలుపెట్టవచ్చు.